నీలం జట్టు, ఎర్ర జట్టు, ఒక తుంటి ఎముక

మనుషుల్ని నడిపించడం నా ఉద్యోగం. రాజకీయ నాయకులు చెప్పుకునే అర్థంలో కాదు, అక్షరాలా. తుంటి విరిగినవాళ్ళు, మోకాలు మార్పించుకున్నవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు పెద్దాసుపత్రిలో వైద్యం అయ్యాక మా చిన్నాసుపత్రికి వచ్చేవారు. వాళ్ళను మంచం మీంచి లేపి, నిలబెట్టి, నాలుగడుగులు వేయించి ఇంటికి పంపాలి. అనకాపల్లి నుంచి సింగపూర్ వచ్చి ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఫిజియోథెరపీ పనే చేసి, ఈ మధ్యనే రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున్నే బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాకు చుట్టూ నన్ను నేనే నడిపించుకుంటున్నాను. ఇన్నేళ్ళకు చెప్పిన మాట వినే పేషెంటు దొరికింది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "ఆంటీ, నడవనని కూర్చున్న పేషెంట్‌తో ఏం చెయ్యాలి?" అని అడుగుతారు. దానికి పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. నేనూ చదివాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ అధ్యాయం రాసినాయన మా తలుపు పక్క పెద్దాయనను చూసి ఉండడు. అందుకే ఆ సంగతి రాసిపెడుతున్నాను. మీకు పనికొస్తుందని హామీ ఇవ్వలేను. ఇందులో పనిచేసిన మందు ఏడాదికొక్కసారే దొరుకుతుంది, అదీ కొరియాలో.

పేర్లు రాయడం మా వృత్తిలో పద్ధతి కాదు. కాబట్టి మనుషుల్ని వాళ్ళ మంచాలను బట్టి పిలుస్తాను.

తలుపు పక్క మంచం పెద్దాయన కొరియా మనిషి. ఎనభైకి దగ్గర పడ్డవాడు. వయసులో ఉన్నప్పుడు ఒక నిర్మాణ కంపెనీ ఇంజినీరుగా ఇక్కడికి వచ్చి, వంతెనలూ భవనాలూ కట్టి, ఇక్కడే ఉండిపోయాడు. భార్య పోయింది. బ్యాంకులో పనిచేసే ఒక్కగానొక్క కూతురి దగ్గర ఉంటున్నాడు. హాకర్ సెంటర్ అనే చవక భోజనాల హాల్లో నూడుల్స్ తిని, ఇక్కడి చట్టం ప్రకారం ఖాళీ ట్రేను తిరిగి పెట్టబోతూ తడి నేల మీద జారాడు. తుంటి విరిగింది. "ట్రే బల్ల మీదే వదిలేసి ఉంటే ఇప్పుడు ఇంట్లో ఉండేవాణ్ణి" అని నాతో మొదటి రోజే చెప్పాడు. తప్పు ట్రేదో, నేలదో, ప్రభుత్వానిదో చెప్పలేదు. మేమిద్దరం మాట్లాడుకున్నది విరిగిన ఇంగ్లీషులోనే. ఆయనది ఒక చోట విరిగేది, నాది ఇంకో చోట.

ఆపరేషన్ బాగా జరిగింది. ఎముక అతుక్కుంటోంది. బరువు మోపవచ్చని సర్జన్ రాశాడు. ఈయన మాత్రం నడవడు. అలాగని మొండివాడు కాదు. మొండివాళ్ళు నాకు అలవాటే, వాళ్ళు తిడతారు, నేను తిట్లు వింటూ నడిపిస్తాను. ఈయన తిట్టడు. నేను వాకర్ తీసుకుని వెళ్ళగానే మంచం మీంచే తల వంచి నమస్కారం చేసేవాడు. నేనూ తల వంచేదాన్ని. "ఈ రోజు నడుద్దామా?" అంటే, కాసేపు నిజంగా ఆలోచించి, "టుమారో" అనేవాడు. ఇలా మూడు వారాలు గడిచాయి. అంత మర్యాదగా నా ఉద్యోగాన్ని ఎవరూ అడ్డుకోలేదు.

ఒక సాయంత్రం కూతురు నన్ను వరండాలో ఆపింది. బ్యాంకు బట్టల్లోనే వచ్చింది.

"మా బ్లాకు పాతది. లిఫ్ట్ అన్ని అంతస్తుల్లోనూ ఆగదు. మా ఇంటికి కింది అంతస్తులో దిగి, అక్కణ్ణుంచి మెట్లెక్కాలి. అప్పా మెట్లెక్కలేకపోతే ఇంటికి తీసుకెళ్ళలేను" అంది. తమిళుల్లాగా కొరియా వాళ్ళు కూడా నాన్నను అప్పా అనే అంటారు.

"పది రోజుల్లో, సోమవారం, డాక్టర్ల మీటింగ్ ఉంది. ఎక్కడికి పంపాలో అక్కడే తేలుస్తారు. అప్పటికి ఎంతవరకు వస్తే అంత" అన్నాను.

"రెండు నర్సింగ్ హోములు చూసి వచ్చాను" అంది. "ఒకదానికి తోట ఉంది. అప్పాకు చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. తోటలో ఏం చెట్లున్నాయని అడిగారు."

ఆమె ఏడవలేదు. బ్యాగులోంచి ఫోన్ తీసి, ఏమీ చూడకుండా మళ్ళీ లోపల పెట్టుకుంది.

కిటికీ పక్క మంచం ఆయన కూడా కొరియా మనిషే. పోలిక అక్కడితో సరి. తంజోంగ్ పగార్‌లో ఆయనకు మాంసం కాల్చి పెట్టే హోటల్ ఉంది. డెబ్భై దాటాడు. మోకాలు మార్పించుకున్నాడు. ఈయనతో నా బాధ ఏమిటంటే కూర్చోడు. కర్ర పట్టుకుని పక్క వార్డుకు వెళ్ళి, అక్కడి పేషెంట్లకు తన మోకాలు చూపించి వచ్చేవాడు. ఒకసారి లిఫ్ట్ ఎక్కి కింద కాఫీ అంగడి దాకా పోయి, అక్కడి వంట బాగాలేదని వాళ్ళకే చెప్పి వచ్చాడు. ఒకే గదిలో ఒకాయన్ను లేపడానికీ, ఇంకొకాయన్ను కూర్చోబెట్టడానికీ నాకు జీతం ఇచ్చేవారు.

ఇద్దరూ ఒక దేశం వాళ్ళు, ఒక గది, మధ్యలో ఒక గుడ్డ తెర. బాగా కలిసిపోతారనుకున్నాం. మొదటి రోజు ఒకరి ఊరు ఒకరు అడిగారు. అంతే. మళ్ళీ మాటల్లేవు.

కారణం కనిపెట్టింది మా మలయ్ నర్సు. పాతికేళ్ళ పిల్ల. కొరియన్ సీరియళ్ళు చూసి చూసి ఆ భాష నేర్చుకుంది. అందువల్ల ఆమెకు వచ్చిన వాక్యాలన్నీ ప్రేమకో పగకో సంబంధించినవే. మాత్ర వేసుకోమని చెప్పడానికి ఆమె దగ్గర వాక్యం లేదు. అయినా ఇద్దరు పెద్దాయనలకూ ఆమె అంటే ఇష్టం.

"వాళ్ళ ఊళ్ళకు పడదు అక్కా" అంది నాతో. "అక్క" అనే మాట మా వార్డు సిస్టర్ దగ్గర పట్టుకుంది. "బేస్‌బాల్. తలుపు దగ్గర అంకుల్‌ది నీలం జట్టు. కిటికీ దగ్గర అంకుల్‌ది ఎర్ర జట్టు. ఆ రెండు ఊళ్ళ జట్లూ మొదటి నుంచీ శత్రువులు. ఈసారి ఫైనల్లో ఆ రెండు జట్లే ఆడుతున్నాయి. వెరీ జియాలాత్ లా."

జియాలాత్ అంటే ఇక్కడి భాషలో పరిస్థితి ఘోరంగా ఉందని. చివరి "లా"కు అర్థం లేదు, ఇక్కడ ప్రతి మాటకూ తగిలిస్తారు.

నాకు బేస్‌బాల్ గురించి తెలిసింది సున్న. ఇంటికి వెళ్ళి మా అబ్బాయిని అడిగాను. ఏడు మ్యాచ్‌లు ఉంటాయనీ, ముందు నాలుగు గెలిచినవాళ్ళది కప్పనీ చెప్పాడు. "అంటే క్రికెట్‌లాగే" అన్నాను. "అమ్మా, నాట్ లైక్ దట్ లా" అని గదిలోకి వెళ్ళిపోయాడు.

మొదటి మ్యాచ్ రోజు నాకొక ఆలోచన వచ్చింది. టీవీ వరండా చివర హాల్లో ఉంటుంది. కిటికీ ఆయన కొడుకు వచ్చి ఏదో తీగ తగిలించి, కొరియా ఛానల్ అందులో వచ్చేలా చేసి వెళ్ళాడు. నేను తలుపు పక్క పెద్దాయన దగ్గరికి వాకర్ తీసుకెళ్ళి, "హాలు దాకా నడిస్తే మ్యాచ్ చూడొచ్చు" అన్నాను. పుస్తకంలో దీన్ని లక్ష్యాన్ని చూపించడం అంటారు.

ఆయన వాకర్ వంక చూశాడు. వరండా వంక చూశాడు. చాలాసేపు ఆలోచించాడు. నాకు ఆశ కలిగింది.

"టుమారో" అన్నాడు.

ఆ సాయంత్రం కిటికీ ఆయన ఒక్కడే హాల్లో కూర్చుని మ్యాచ్ చూశాడు. ఒక్కడే అయినా పదిమంది పెట్టే కేకలు పెట్టాడు. ఎర్ర జట్టు గెలిచింది. తలుపు పక్క పెద్దాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కేక వినిపించినప్పుడల్లా దుప్పటి కొంచెం పైకి లాక్కునేవాడని నర్సు చెప్పింది.

మర్నాడు మా వార్డు సిస్టర్ నన్ను పిలిచింది. ఆవిడ మలేసియాలో పుట్టిన తెలుగామె. వాళ్ళ తాతలు మా వైపు నుంచే రబ్బరు తోటలకు వెళ్ళినవాళ్ళు. ఆవిడ తెలుగు వింటే నాకు మా అమ్మమ్మ పక్కన కూర్చున్నట్టు ఉండేది, మధ్యలో మలయ్ మాటలు పడినా సరే.

"ఏటమ్మా నువ్వు సేసిన పని?" అంది. "ఆ ముసలాయనకి మ్యాచ్‌ని సాక్లెట్టులా సూపించి నడవమంటావేటి? ఆయనేటి సంటిపిల్లోడా? కసిహాన్ కాదా?"

కసిహాన్ అంటే పాపం అని.

"నడవాలని కదా అక్కా..."

"నడిస్తే నడుస్తాడు, లేపోతే లేదు. బండిలో కూకోబెట్టి తీసుకెళ్ళి సూపించు. ఆయనకి ఉన్నది ఆ ఒక్క ఆటే."

పుస్తకంలో ఈ భాగం లేదు. నేను వీల్‌చైర్ తెచ్చాను.

రెండో మ్యాచ్ నుంచి ఇద్దరూ హాల్లో పక్కపక్కన కూర్చున్నారు. అంటే, నడుమ ఇంకో ఇద్దరు పట్టేంత ఖాళీ వదిలి పక్కపక్కన. ఇక్కడ టైములో మ్యాచ్ సాయంత్రం మొదలయ్యేది. అప్పటికి నా డ్యూటీ అయిపోయేది. ఒక పది నిమిషాలు చూసి వెళదామని కూర్చునేదాన్ని. మా ఆయన ఫోన్ చేసి వంట సంగతి అడిగేదాకా లేచేదాన్ని కాదు.

తలుపు పక్క పెద్దాయన మ్యాచ్‌ను వంతెన తనిఖీ చేస్తున్నట్టు చూసేవాడు. వెన్ను నిటారుగా, చేతులు తొడల మీద. కిటికీ ఆయన ఎర్ర తువ్వాలు మెడలో వేసుకుని, ప్రతి బంతికీ ఆటగాళ్ళకు సలహా ఇచ్చేవాడు. రెండోదీ ఎర్ర జట్టే గెలిచింది. "చూశావా" అన్నాడు కిటికీ ఆయన. ఊళ్ళు అడిగిన రోజు తర్వాత వాళ్ళ మధ్య అదే మొదటి సంభాషణ. తలుపు పక్కాయన ఏదో ఒక్క మాట అన్నాడు. ఏమన్నాడని నర్సుని అడిగాను. "పగ తీర్చుకుంటానన్నారు" అంది. ఆమెకు బాగా వచ్చిన వాక్యం కాబట్టి నమ్మాను.

పగ తీర్చుకున్నాడు కూడా. తర్వాత వరసగా మూడు మ్యాచ్‌లు నీలం జట్టు గెలిచింది. ఆ మూడు రోజుల్లో పెద్దాయన ముఖంలో కొంచెం రంగు వచ్చింది. అన్నం తినడం పెరిగింది. వ్యాయామాల గదిలో రెండు కమ్ములు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అడుగు వెయ్యమంటే మాత్రం అదే మాట.

మూడో గెలుపు తర్వాత మంచం మీద కూర్చోబెడుతూ అడిగాను. "నొప్పా?"

"లేదు."

"మరి?"

ఆయన తన తుంటి మీద చెయ్యి వేసుకున్నాడు. "పడ్డప్పుడు ఒక శబ్దం వచ్చింది. లోపల. నిలబడగానే అది మళ్ళీ వస్తుందేమోనని వింటూ ఉంటాను. నేను వంతెనలు కట్టాను. ప్రతి బోల్టూ నా ముందే బిగించారు. ఇందులో మరలు ఎవరు బిగించారో నాకు తెలియదు. నేను నిద్రపోతున్నప్పుడు బిగించారు."

నేను వెళ్ళి ఆయన ఎక్స్‌రే తెచ్చి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, దీపం కింద పట్టుకుని, చాలాసేపు చూశాడు. రాడ్డు ఏ కోణంలో ఉందని అడిగాడు. మరలు ఏ లోహంతో చేస్తారని అడిగాడు.

"పనితనం బాగుంది" అన్నాడు చివరికి.

"మరి నడుద్దామా?"

"టుమారో."

తెర అవతల కిటికీ ఆయన మంచం మీద ఉన్నాడు. ఆ రోజు ఓడిపోయాడు కాబట్టి చప్పుడు చెయ్యడం లేదు. గుడ్డ తెర మాటల్ని ఆపదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఆరో మ్యాచ్ ఎర్ర జట్టుది. చెరి మూడు. ఏడోది ఆదివారం మధ్యాహ్నం. డాక్టర్ల మీటింగ్ సోమవారం పొద్దున.

మధ్యలో శనివారం ఒక చిక్కు వచ్చింది. ఆ రోజు కిటికీ ఆయన డిశ్చార్జి. శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి ఆయన మంచానికి అడ్డంగా పడి మూలుగుతున్నాడు. లేచి నడవమంటే కుంటాడు. ఘోరంగా కుంటాడు. ఇంకో రెండు రోజులు ఉంచమని నేను రాసివ్వాలట.

సిస్టర్ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆయన కుంటేది ఏ కాలమ్మా?" అంది తెలుగులో, నాతో.

చూశాను. ఆపరేషన్ అయింది కుడి మోకాలికి. ఆయన కుంటున్నది ఎడమ కాలు.

నేను అదే సంగతి ఆయనతో చెప్పాను. ఆయన ఆగి, రెండు కాళ్ళనూ చూసుకుని, ఏమీ తొణక్కుండా కుడి కాలితో కుంటడం మొదలుపెట్టాడు. ఆ మంచం కోసం పెద్దాసుపత్రిలో ఇంకొకరు ఎదురుచూస్తున్నారు. రాసివ్వడం కుదరదని చెప్పాను. కొడుకు వచ్చి బట్టలు సర్దాడు. వెళుతూ వెళుతూ కిటికీ ఆయన తలుపు పక్క మంచం దగ్గర ఆగి కొరియన్‌లో ఏదో అన్నాడు. పెద్దాయన దుప్పటి పైకి లాక్కున్నాడు. ఆ రాకపోకల మనిషి లేకపోయేసరికి గది పెద్దదైపోయింది. సాయంత్రం పెద్దాయన సగం అన్నం వదిలేశాడని నర్సు చెప్పింది.

ఆదివారం నాకు సెలవు. మా ఆయన, పాయా లేబర్‌లో ఎవరింట్లోనో భోజనానికి పిలిచారని ముందే చెప్పి ఉన్నాడు. ఆసుపత్రిలో పనుందన్నాను. "ఆదివారం ఏం పని?" అన్నాడు. "బేస్‌బాల్" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నేను చెప్పిన ఏ కారణానికీ ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండలేదు.

నేను వెళ్ళేసరికి కిటికీ ఆయన హాల్లో ఉన్నాడు. ఇప్పుడు ఆయన పేషెంటు కాదు, చూడవచ్చిన చుట్టం. మెడలో ఎర్ర తువ్వాలు. పక్కన హోటల్ నుంచి తెచ్చిన డబ్బాల దొంతర, వార్డు మొత్తానికి. సిస్టర్ మూతలు తీసి చూసి, ఉప్పు ఎక్కువని, పేషెంట్లకు కుదరదని చెప్పి నర్సుల గదిలోకి పంపించింది. అక్కడ ఎవరికీ ఉప్పు నిషేధం లేదు.

తలుపు పక్క పెద్దాయనను వీల్‌చైర్‌లో తీసుకొచ్చాను. తల దువ్వుకున్నాడు. కూతురు తెచ్చిన నీలం చొక్కా వేసుకున్నాడు. కూతురు నాలుగింటికి వస్తానందట. పేషెంటు తూలితే పట్టుకోవడానికి వాడే నడుము బెల్టు కట్టబోతే ఎందుకన్నాడు. అలవాటు అన్నాను. నిజంగా అలవాటే, ఇంకేమీ అనుకోలేదు.

ఆట గురించి పెద్దగా చెప్పను, నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. చివరి ఇన్నింగ్స్‌కు వచ్చేసరికి నీలం జట్టు ఒక్క పరుగు ముందుంది. ఎర్ర జట్టు బ్యాటింగ్. ఇద్దరు అవుటయ్యారు, ఒకడు పరుగుకు సిద్ధంగా మైదానంలో ఉన్నాడు. మూడో మనిషి అవుటైతే ఆట అయిపోతుంది. గట్టిగా కొడితే ఎర్ర జట్టుది కప్పు. కిటికీ ఆయన సలహాలు మానేశాడు. తలుపు పక్కాయన చేతులు తొడల మీంచి కుర్చీ చేతుల మీదికి వచ్చాయి.

వాడు కొట్టాడు. బంతి ఆకాశంలోకి పోయింది. కిటికీ ఆయన కర్ర వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. నీలం జట్టువాడొకడు వెనక్కి పరిగెత్తి, పరిగెత్తి, ప్రహరీ దగ్గర ఒళ్ళంతా గోడకు ఆనించి, బంతి పట్టుకున్నాడు.

ఆట అయిపోయింది. కిటికీ ఆయన చేతులు ఇంకా పైనే ఉన్నాయి. ఒక నిమిషం తర్వాత వాటిని దించాడు. మెడలో తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టాడు. నేను అందించిన కర్ర తీసుకున్నాడు.

"ఓకే. హోటల్ తెరవాలి" అన్నాడు.

"కూర్చో" అన్నాడు తలుపు పక్కాయన. "ఇంకా కప్పు ఇవ్వలేదు."

కిటికీ ఆయన వినలేదు. నిన్న కుంటినవాడేనా అన్నట్టు చకచకా వరండాలోకి నడిచాడు.

తలుపు పక్కాయన టీవీ చూశాడు. అందులో ఆయన జట్టు వాళ్ళు మైదానంలో ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నారు. ఈ ఏడు మ్యాచ్‌లుగా ఆయన కోరుకున్నది అదే. తర్వాత ఖాళీ కుర్చీ వంక చూశాడు. గెలిచినవాడు చూడాలనుకునేది తన జట్టు ముఖం కాదని నాకు ఆ క్షణంలో అర్థమైంది.

ఆయన కుర్చీ బ్రేకులు వేశాడు. ముందుకు జరిగాడు. లేచాడు. నేను రోజూ "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టేదాన్ని, ఆ రోజు నా నోరు తెరుచుకునేలోపే లేచాడు. గోడకున్న కమ్మి పట్టుకుని వరండాలోకి బయలుదేరాడు. కొరియన్‌లో కేకలు వేస్తున్నాడు. నేను వెనక నుంచి బెల్టు పట్టుకున్నాను. లాగలేదు, తొయ్యలేదు. "మెల్లగా" అని కూడా అనలేదు. అంటే ఆయనకు తాను నడుస్తున్న సంగతి తెలిసిపోతుందని భయం. పడితే నా ఉద్యోగం పోవచ్చన్న భయం దాని వెనకాల వరసలో నిలబడింది.

వరండా చివర కిటికీ ఆయన లిఫ్ట్ బటన్ నొక్కుతున్నాడు. ఆదివారం చూడవచ్చేవాళ్ళ రద్దీ కాబట్టి లిఫ్ట్ రావడం లేదు. మా నర్సుకు పరిస్థితి అర్థమై, ఆయన్ను ఆపడానికి తనకు వచ్చిన కొరియన్ అంతా వెతుక్కుని ఒక వాక్యం చెప్పింది. అదేమిటో తర్వాత అడిగాను. "నన్ను వదిలి వెళ్ళకు, నీవు లేక నేను బతకలేను" అట.

అది విని కిటికీ ఆయన వెనక్కి తిరిగాడు. తిరిగి, పెద్దాయనను చూశాడు. ముఖాన్ని కాదు, పాదాల్ని. తర్వాత నన్ను చూశాడు.

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. ఆయన ఎక్కలేదు.

"లిఫ్ట్ స్లో" అన్నాడు, అవసరమైన దానికంటే గట్టిగా. పక్కనున్న మెట్ల తలుపు భుజంతో తోశాడు. హోటల్‌కు వెళ్ళాలంటే కిందికి దిగాలి. ఆయన కమ్మి పట్టుకుని పైకి ఎక్కడం మొదలుపెట్టాడు.

తెర అవతల నుంచి ఆయన ఏమేమి విన్నాడో నాకు అప్పుడు అర్థమైంది. శబ్దం సంగతే కాదు, కూతురు తండ్రితో చెప్పిన మెట్ల సంగతి కూడా.

పెద్దాయనను ఎక్కనివ్వాలో, ఆపాలో తేల్చుకోవలసింది నేను. ఆపడమే పద్ధతి. మెట్ల పరీక్షకు ముందు డాక్టరుకు చెప్పాలి, పక్కన ఇంకొకరుండాలి. నేను నర్సును రమ్మని సైగ చేసి, పెద్దాయనకు దారి వదిలాను.

ఆయన మొదటి మెట్టు దగ్గర ఆగాడు. పైన కిటికీ ఆయన వెనక్కి తిరిగి, కొరియన్‌లో రెండు మాటలు అన్నాడు. ఆ జట్టును గురించే అయి ఉండాలి. పెద్దాయన మెడ ఎర్రబడింది. మంచి కాలు పైకి వేశాడు. తర్వాత దెబ్బ తగిలిన కాలు. నేను వారాల తరబడి మంచం పక్కన నిలబడి చెప్పిన పాఠం అది. ఆయన వినడం లేదనుకున్నాను. ఒక్కో మెట్టుకూ ఒక్కో తిట్టు తిడుతూ, ఒక్క అడుగు తప్పు వెయ్యకుండా, మలుపు దాకా ఎక్కాడు.

అక్కడ కిటికీ ఆయన పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కొత్త మోకాలు పట్టుకుని రొప్పుతున్నాడు. పెద్దాయన ఆయన పక్కనే చతికిలబడ్డాడు.

"శబ్దం వచ్చిందా?" అన్నాడు కిటికీ ఆయన ఇంగ్లీషులో.

పెద్దాయన ఆలోచించాడు. ఎప్పటిలాగే, నిజంగా ఆలోచించాడు.

"వినలేదు" అన్నాడు. "నువ్వు చేసే గోలలో ఏం వినపడుతుంది?"

దిగడం ఎక్కడం కంటే కష్టం. కిందికి చూడగానే పెద్దాయన చెయ్యి కమ్మి మీద బిగుసుకుపోయింది. పాత మనిషి తిరిగి వచ్చేశాడు. ఈసారి నేను మాట్లాడాను. నేను ఒక మెట్టు కింద నిలబడతానని, దెబ్బ కాలు ముందు దించమని, మరలు బిగించినవాళ్ళ పని చూశారు కదా అని చెప్పాను. నర్సు పక్కన పట్టుకుంది. ఆయన దిగాడు. చాలాసేపు పట్టింది. మేం హాల్లోకి వచ్చేసరికి టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది. కప్పు ఇవ్వడం అయిపోయింది. గెలిచినాయన అది చూడలేదు, ఓడినాయనా చూడలేదు.

వరండాలో సిస్టర్ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"పడ్డాడా?" అంది.

"లేదక్కా."

"పడనోడి గురించి నాకేటి సెప్తావు? రేపు డాక్టరు ముందు ఎక్కించు. అప్పుడు సూస్తాను." రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. "బోలే" అంది. అంటే పరవాలేదు, అవుతుంది అని. ఆవిడ నోట నేను విన్న పెద్ద మెప్పు అదే.

నాలుగింటికి కూతురు వచ్చింది. తండ్రి వీల్‌చైర్‌లోనే కూర్చుని ఉన్నాడు. ఏదో చెప్పాడు. ఆమె నా వంక చూసింది. నేను తలూపాను. ఆమె తండ్రి ముందు నేల మీద కూర్చుని, ఆయన చెప్పుల్లోంచి పాదాలు తీసి, అవి ఇంకెవరివో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. బ్యాగు భుజం మీంచి జారి పడినా తీసుకోలేదు.

సోమవారం డాక్టరు ముందు ఆయన మెట్లెక్కాడు. మధ్యలో ఒకసారి ఆగి "టుమారో" అనబోయాడు. నేను "సాయంత్రం ఎర్ర జట్టు అంకుల్ ఫోన్ చేసి అడుగుతానన్నారు" అన్నాను. మిగతా మెట్లు ఎక్కేశాడు. ఏ పద్ధతి వాడావని డాక్టరు అడిగితే, కుటుంబ సహకారం అని చెప్పాను. ఇంకో వారానికి ఆయన కూతురింటికి వెళ్ళిపోయాడు.

పిల్లలూ, ఇందులో మీరు నేర్చుకోవలసింది ఏమైనా ఉందా అంటే, నాకు తెలియదు. పేషెంటుకు ఒక శత్రువును చూసిపెట్టమని పుస్తకంలో రాయించలేం. నడుము బెల్టు మాత్రం ఎప్పుడూ కట్టండి. ఏ రోజు అవసరమవుతుందో ముందు తెలియదు.

మరుసటి ఏడాది ఆ రోజుల్లోనే నేనూ మా ఆయనా తంజోంగ్ పగార్ వైపు వెళ్ళి, ఆ హోటల్లో భోంచేశాం. మూల బల్ల దగ్గర పెద్దాయనలిద్దరూ ఉన్నారు. గోడకున్న టీవీలో ఫైనల్ వస్తోంది. వాళ్ళ రెండు జట్లూ ఆ ఏడాది ముందే ఓడిపోయాయి. ఆడుతున్నవి వేరే రెండు. ఇద్దరూ కళ్ళు తిప్పకుండా చూస్తున్నారు.

నమస్కారాలయ్యాక, ఈసారి ఏ జట్టు గెలవాలని ఉందని అడిగాను.

"ఏదీ గెలవకూడదు" అన్నారు ఇద్దరూ, ఒకే గొంతుతో.